రిపోర్టులన్నీ నార్మల్, అయినా కాలు కదలదు

"రిపోర్టులన్నీ నార్మల్‌గానే ఉన్నాయి. మీకేమీ లేదు." న్యూరాలజీ ఓపీలో ఈ మాట విని ఊపిరి పీల్చుకునేవారు చాలామంది. కొందరికి మాత్రం అసలు కష్టాలు ఈ మాటతోనే మొదలవుతాయి. మూడు నెలలుగా కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్న మనిషికి, వారానికి రెండుసార్లు ఒళ్లంతా కొట్టుకుంటూ పడిపోయే అమ్మాయికి, ఉన్నట్టుండి గొంతు పోయిన ఉపాధ్యాయుడికి 'ఏమీ లేదు' అన్నది జవాబు కాదు. ఎంఆర్ఐలో మచ్చ లేదు, ఈఈజీలో తేడా లేదు, రక్తపరీక్షలు బాగున్నాయి. కాలు మాత్రం కదలడం లేదు. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేసరికి 'ఏమీ లేదట' అన్నది కాస్తా 'నటిస్తోందట'గా మారిపోతుంది.

ఈ స్థితికి వైద్యశాస్త్రంలో ఒక పేరుంది. ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్, క్లుప్తంగా ఎఫ్ఎన్‌డీ. మెదడు, నరాల నిర్మాణానికి దెబ్బ తగలకుండానే వాటి పనితీరు గాడి తప్పడం దీని స్వభావం. వీణ పగల్లేదు, తీగ తెగలేదు, శ్రుతి తప్పింది అనుకోవచ్చు. మామూలు ఎంఆర్ఐ స్కాన్ చూసేది వీణ చెక్కను. శ్రుతి దానికి వినబడదు.

చెయ్యి లేదా కాలు చచ్చుబడినట్టు కావడం, వణుకు, నడక తడబడటం, స్పర్శ పోవడం, చూపు మందగించడం, మాట పెగలకపోవడం, మూర్ఛను పోలిన ఫిట్స్ దీని లక్షణాల్లో ముఖ్యమైనవి. ఇవేవీ రోగి కావాలని చేసేవి కావు. అయితే సాధారణంగా మన ఇష్టంతో నడిచే అవయవాల్లోనే ఇవి కనిపిస్తాయి. చూసేవారికి అనుమానం రావడానికి కారణం అదే. గుండె లయ తప్పితే 'నటిస్తున్నావు' అని ఎవరూ అనరు. కాలు లయ తప్పితే అంటారు.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. స్కాట్లాండ్‌లో న్యూరాలజీ ఔట్‌పేషంట్ విభాగాలకు కొత్తగా వచ్చిన 3,781 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో తలనొప్పి తర్వాత రెండో స్థానం ఫంక్షనల్, మానసిక కారణాల లక్షణాలదే. వాటి వాటా సుమారు 16 శాతం. మన దేశంలో ఈ రోగుల్లో చాలామంది సైకియాట్రీ విభాగాల్లో 'డిసోసియేటివ్ డిజార్డర్' పేరుతో నమోదవుతారు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో 1999 నుంచి 2008 వరకు ఉన్న రికార్డులను పరిశీలించినప్పుడు ఆ పేరు కింద ఎక్కువగా కనిపించినవి కదలికల సమస్యలు, ఆ తర్వాత ఫిట్స్.

మడమ కింద చెయ్యి

చాలాకాలం పాటు వైద్యులు ఈ జబ్బును 'మిగతావన్నీ కాదని తేలాక మిగిలేది'గానే చూశారు. ఒక్కో పరీక్షా చేసుకుంటూ పోవడం, అన్నీ బాగుంటే 'టెన్షన్ వల్ల' అనేయడం. ఇందులో రెండు నష్టాలున్నాయి. పరీక్షలకు అంతు ఉండదు. చివరికి చెప్పే మాటకు ఆధారమూ ఉండదు. ఈ పద్ధతి ఇప్పుడు మారింది. పక్షవాతానికీ పార్కిన్సన్స్‌కూ ఉన్నట్టే ఎఫ్ఎన్‌డీకీ సొంత గుర్తులున్నాయి. వాటిని రోగి శరీరం మీదే చూపించవచ్చు.

వీటిలో బాగా పేరున్నది హూవర్ సంకేతం. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన వైద్యుడు చార్లెస్ ఫ్రాంక్లిన్ హూవర్ 1908లో దీన్ని వర్ణించాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, బలహీనపడిన కాలి మడమ కింద వైద్యుడు చెయ్యి పెట్టి, "మడమను కిందికి నొక్కండి" అంటాడు. ఎంత ప్రయత్నించినా బలం రాదు. తర్వాత "రెండో కాలు పైకెత్తండి" అని చెప్పి, ఆ కాలు లేవకుండా చేత్తో అదిమి పట్టుకుంటాడు. మంచి కాలు లేపే ప్రయత్నంలో, అంతవరకు కదలని కాలి మడమ వైద్యుడి అరచేతిని గట్టిగా నొక్కుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారు ఎవరైనా పడుకుని ఒక కాలు ఎత్తి చూస్తే రెండో మడమ పరుపులోకి దిగడం తెలుస్తుంది. శరీరం తూకం కోసం తనంతట తాను చేసే పని అది. పక్షవాతం వచ్చిన కాలు ఆ పని చేయలేదు. ఎఫ్ఎన్‌డీలో చేస్తుంది. అంటే మెదడు నుంచి కాలి దాకా దారి బాగానే ఉంది. 'నొక్కాలి' అని పట్టుబట్టి ఆజ్ఞ ఇచ్చినప్పుడే అది పనిచేయడం లేదు.

వణుకుకూ ఇలాంటి పరీక్షే ఉంది. ఒక చెయ్యి వణుకుతుంటే రెండో చేతి బొటనవేలిని, చూపుడువేలిని వైద్యుడు చూపిన తాళానికి తగ్గట్టు తాకించమంటారు. ఫంక్షనల్ వణుకైతే ఆగిపోతుంది, లేదా ఆ తాళాన్నే అందుకుంటుంది. పార్కిన్సన్స్ వణుకు తన వేగాన్ని తాను వదలదు.

ఫిట్స్ విషయంలో చిక్కు ఎక్కువ. మూర్ఛ వచ్చినప్పుడు సాధారణంగా కళ్లు తెరిచే ఉంటాయి. ఫంక్షనల్ ఫిట్స్‌లో తరచుగా గట్టిగా మూసుకుని ఉంటాయి. తల అటూ ఇటూ ఊగడం, కుదుపులు తగ్గుతూ పెరుగుతూ చాలాసేపు సాగడం కూడా అనుమానించదగ్గ గుర్తులే. ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా చాలదు. వీడియో తీస్తూనే ఈఈజీ నమోదు చేసే పరీక్షలో ఫిట్స్ దొరికితే అదే అన్నిటికన్నా గట్టి ఆధారం. రెండు ఫిట్స్‌నూ అక్కడ వేరుచేయగలరు. కొందరికి రెండూ ఉంటాయి. ఫంక్షనల్ ఫిట్స్ ఉన్నవారిలో దాదాపు ఐదో వంతు మందికి అసలు మూర్ఛ కూడా ఉన్నట్టు అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి.

వేరుచేయడంలో జరిగే ఆలస్యానికి మూల్యం పెద్దది. 2002లో జర్మనీ నుంచి వెలువడిన ఒక అధ్యయనంలో, మొదటి ఫిట్స్ వచ్చాక సరైన నిర్ధారణ జరగడానికి సగటున 7 ఏళ్లకు పైగా పట్టింది. ఆ ఏళ్లంతా రోగి మింగేవి మూర్ఛ మందులే. అవి ఈ ఫిట్స్‌ను ఆపవు, దుష్ప్రభావాలు మాత్రం తప్పవు. వాటిలో వాల్‌ప్రోయేట్ వంటి మందు గర్భంలో ఉన్న బిడ్డకు హాని చేస్తుంది. ఫంక్షనల్ ఫిట్స్ ఎక్కువగా వచ్చేది యువతులకు.

ఒకవేళ వైద్యులే పొరబడితే? లోపల పెరుగుతున్న గడ్డను 'ఫంక్షనల్' అనుకుని వదిలేస్తే? ఈ భయానికి చరిత్ర ఉంది. లండన్‌లో 'హిస్టీరియా' అని ముద్ర పడిన రోగులను కొన్నేళ్ల తర్వాత వెతికి పట్టుకున్న సైకియాట్రిస్ట్ ఎలియట్ స్లేటర్, వారిలో చాలామందికి వేరే జబ్బులు బయటపడ్డాయని 1965లో రాశాడు. ఆ వ్యాసం ఒక తరం వైద్యులను ఈ నిర్ధారణ అంటేనే జంకేలా చేసింది. అయితే 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం, 1950ల నాటి అధ్యయనాల్లో 29 శాతం ఉన్న పొరపాట్లు 1970ల నుంచి 4 శాతానికి పడిపోయాయి. మిగతా నాడీ జబ్బుల నిర్ధారణలో జరిగే పొరపాట్లతో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదు.

మెదడు వేసే అంచనా

నీళ్లు నిండుగా ఉన్నాయనుకుని ఖాళీ బిందెను ఎత్తితే చెయ్యి ఒక్కసారిగా పైకి లేస్తుంది. కండరాలకు ఎంత బలం కావాలో బిందెను తాకకముందే మెదడు లెక్క వేసేసుకుంది కాబట్టి అలా జరుగుతుంది. శరీరం నుంచి కబురు వచ్చేదాకా మెదడు ఖాళీగా కూర్చోదు. ముందే ఒక అంచనా వేసుకుని, వచ్చిన కబురుతో దాన్ని సరిచూసుకుంటుంది. తేడా కనిపిస్తే అంచనాను దిద్దుకుంటుంది.

ఎఫ్ఎన్‌డీలో ఈ దిద్దుబాటు కుంటుపడుతుందని మార్క్ ఎడ్వర్డ్స్, ఆయన సహచరులు 2012లో ప్రతిపాదించారు. 'ఈ కాలు కదలదు' అన్న అంచనా బాగా బిగుసుకుపోతుంది. అది ఆలోచన స్థాయిలో ఉండే నమ్మకం కాదు, అంతకన్నా లోతున ఉండే లెక్క. రోగి ధ్యాస పదేపదే ఆ కాలి మీదికే పోవడం వల్ల ఆ లెక్క మరింత గట్టిపడుతుంది. శరీరం నుంచి వచ్చే కబురు దాన్ని మార్చలేకపోతుంది. హూవర్ పరీక్షలో ధ్యాస రెండో కాలి మీదికి మళ్లగానే మొదటి కాలికి బలం రావడం ఈ వివరణతో చక్కగా సరిపోతుంది. సైకిల్ తొక్కేటప్పుడు ప్రతి పెడల్ గురించీ ఆలోచిస్తే ఎవరైనా తడబడతారు. ఆ తడబాటు అక్కడే స్థిరపడిపోయి, వదిలించుకోలేకపోతే ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

అంచనా మొదట బిగుసుకోవడానికి శరీరంలో జరిగిన చిన్న సంఘటన కూడా చాలు. మడమ బెణకడం, చేతికి దెబ్బ తగలడం లాంటివి. ఫంక్షనల్ కదలికల సమస్యలున్న 869 మంది వివరాలను కలిపి చూసిన ఒక సమీక్షలో 37 శాతం మందికి లక్షణాలు మొదలయ్యే ముందు ఏదో ఒక గాయం అయింది.

ఇది నటన కాదనడానికి మెదడు చిత్రాలూ కొంత సాక్ష్యం ఇస్తున్నాయి. అమెరికాలో 2010లో కొద్దిమంది ఫంక్షనల్ వణుకు రోగులకు ఫంక్షనల్ ఎంఆర్ఐ తీశారు. మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపే స్కాన్ ఇది. ఒకసారి తమంతట వచ్చే వణుకుతో, ఇంకోసారి కావాలని చేసిన వణుకుతో చిత్రాలు తీసి పోల్చారు. చెయ్యి ఒకటే, కదలికా ఒకలాంటిదే. అయినా తనంతట వచ్చిన వణుకు సమయంలో మెదడు కుడివైపు చెవి వెనుక భాగాన ఉండే టెంపరోపెరైటల్ జంక్షన్‌లో చురుకుదనం తక్కువగా కనిపించింది. అనుకున్న కదలికనూ జరిగిన కదలికనూ సరిపోల్చి 'ఇది నేను చేసిందే' అన్న భావన కలిగించడంలో ఆ భాగానికి పాత్ర ఉంది. వణుకు తమ అదుపులో లేదని రోగులు చెప్పే మాటకు ఇది దగ్గరగా ఉంది. అయితే ఇలాంటి స్కాన్ ఒక్కో రోగికి తీసి జబ్బును నిర్ధారించే దశకు శాస్త్రం ఇంకా రాలేదు. అలా తీస్తామని ఎవరైనా డబ్బు అడిగితే జాగ్రత్తపడటం మంచిది.

గర్భసంచి నుంచి ఫ్రాయిడ్ దాకా

హిస్టీరియా అన్న మాటకు మూలం గర్భసంచిని సూచించే గ్రీకు పదం. ప్రాచీన గ్రీకు వైద్యులు కొన్ని స్త్రీల జబ్బులను గర్భసంచికి ముడిపెట్టారు. కన్యలకు పెళ్లి చేయడమే మందన్నారు. 'పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుంది' అన్న సలహా మన ఊళ్లలోనూ ఇప్పటికీ వినిపిస్తుంది. అది అప్పుడూ పనిచేయలేదు, ఇప్పుడూ చేయదు. పైగా జబ్బు గురించి చెప్పకుండా చేసిన పెళ్లి ఆ అమ్మాయికి మరో చిక్కు తెచ్చిపెడుతుంది.

ఈ జబ్బు ఆడవారిలోనే ఎక్కువన్నది నిజం. ఆడవారికే వస్తుందన్నది నిజం కాదు. పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో 19వ శతాబ్దం చివర జాన్ మార్టిన్ షార్కో మగవారిలోనూ దీన్ని వర్ణించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో శరీరానికి గాయం లేకుండానే కాళ్లు పడిపోయి, వణుకుతూ, మాట పోయి తిరిగొచ్చిన సైనికులు వేలల్లో ఉన్నారు.

షార్కో దీన్ని నాడీ వ్యవస్థ జబ్బుగానే చూశాడు. 1885-86లో ఆయన దగ్గర చదువుకున్న ఫ్రాయిడ్ దారి మళ్లించాడు. అణచిపెట్టిన బాధ శరీర లక్షణంగా 'మారుతుంది' అన్నాడు. 'కన్వర్షన్ డిజార్డర్' అన్న పేరు అలా వచ్చింది. ఆ తర్వాత దాదాపు వందేళ్లు న్యూరాలజిస్టులు ఈ రోగులను సైకియాట్రిస్టుల దగ్గరికి పంపారు. సైకియాట్రిస్టులు తిరిగి పంపారు. మధ్యలో రోగి మిగిలిపోయాడు.

మానసిక కారణం పూర్తిగా అబద్ధమని దీని అర్థం కాదు. 2018లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన విశ్లేషణ ప్రకారం బాల్యంలో నిర్లక్ష్యానికి, హింసకు గురికావడం, జీవితంలో పెద్ద ఒత్తిళ్లు ఎదుర్కోవడం ఈ రోగుల్లో ఇతరులకన్నా ఎక్కువ. కానీ అలాంటివేవీ లేని రోగులూ ఉన్నారు. పొగతాగడం గుండెపోటుకు ముప్పు పెంచుతుంది. పొగతాగని వారికీ గుండెపోటు వస్తుంది. ఇదీ అలాంటి సంబంధమే. అందుకే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 మాన్యువల్‌లో ఒత్తిడి కచ్చితంగా ఉండి తీరాలన్న షరతు తొలగించారు. దాని స్థానంలో హూవర్ సంకేతం లాంటి వైద్య ఆధారం ఉండాలన్నారు. రోగి ఇంటి గుట్టు విప్పితేనే జబ్బు తేలుతుందన్న పాత పద్ధతికి అక్కడితో తెరపడాలి. అన్ని ఓపీల్లోనూ పడిందని చెప్పలేం.

చెప్పడం కూడా వైద్యమే

హూవర్ సంకేతాన్ని ఒకప్పుడు రోగిని 'పట్టుకోవడానికి' వాడేవారు. స్కాట్లాండ్ న్యూరాలజిస్ట్ జాన్ స్టోన్, మార్క్ ఎడ్వర్డ్స్ దాన్ని తిరగేశారు. ఆ గుర్తును రోగికే చూపించాలని 2012లో వాదించారు. "చూశారా, మీ కాలు ఇప్పుడు నా చేతిని నొక్కింది. అంటే నరం తెగలేదు, దారి ఉంది. మీరు కదపాలని ప్రయత్నించినప్పుడే అది మూసుకుపోతోంది. శిక్షణతో మళ్లీ తెరుచుకునే అవకాశం ఉంది" అని వైద్యుడు చెప్పగలిగితే, రోగి మూడు సంగతులు వింటాడు: తన జబ్బుకు పేరుంది, తనను నమ్ముతున్నారు, బాగుపడే వీలుంది. 'ఏమీ లేదు' అన్న మాటలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

దీని తర్వాత వచ్చేది ఫిజియోథెరపీ. మామూలుగా పక్షవాతానికి చేయించేలాంటిది కాదు. బలహీనమైన కండరం మీద దృష్టి పెట్టించి వ్యాయామం చేయిస్తే ఇక్కడ బెడిసికొడుతుంది. ధ్యాసను పక్కకు మళ్లించాలి. వెనక్కి నడిపించడం, తాళానికి అడుగు వేయించడం, బంతి విసురుతూ నడిపించడం లాంటివి చేస్తారు. ముందుకు నాలుగడుగులు వేయలేని మనిషి వెనక్కి మామూలుగా నడవడం చూసి బంధువులు 'చూశారా, నాటకం' అంటారు. ఫిజియోథెరపిస్టుకు మాత్రం వైద్యం మొదలుపెట్టడానికి దొరికిన కొస అది.

ఫలితాలు ఎలా ఉన్నాయి? ఇక్కడ శాస్త్రం తన లెక్కలు దాచుకోలేదు. ఫంక్షనల్ ఫిట్స్ ఉన్న 368 మందితో బ్రిటన్‌లో జరిపిన కోడ్స్ పరిశోధన 2020లో వెలువడింది. ఆలోచనలను, ప్రవర్తనను మార్చే సీబీటీ చికిత్సను మామూలు వైద్యానికి జోడించి చూశారు. ఏడాది తర్వాత నెలకు వచ్చే ఫిట్స్ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ సీబీటీ తీసుకున్నవారి రోజువారీ జీవితం, జీవన నాణ్యత మెరుగయ్యాయి. వరసగా ఫిట్స్ లేని రోజులూ పెరిగాయి. కదలికల సమస్య ఉన్న 355 మందికి ప్రత్యేక ఫిజియోథెరపీ ఇచ్చి చూసిన పరిశోధన 2024లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చింది. అందులోనూ అంతే. ముందుగా ఎంచుకున్న శారీరక సామర్థ్యం కొలతలో మామూలు చికిత్సకూ దానికీ గట్టి తేడా తేలలేదు. లక్షణాలు తగ్గాయని చెప్పినవారు మాత్రం ప్రత్యేక చికిత్స పొందినవారిలోనే ఎక్కువ. ఏ రోగికి ఏ చికిత్స సరిపడుతుందన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న.

దానంతట అదే తగ్గిపోతుందిలే అని వదిలేయడం కూడా సరికాదు. కదలికల లక్షణాలున్న రోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలను 2014లో సమీక్షించగా, సుమారు 39 శాతం మంది అలాగే ఉన్నారు లేదా ఇంకా క్షీణించారు. పూర్తిగా కోలుకున్నవారు ఐదో వంతు.

మన దగ్గర ఏం చేయాలి

దయ్యం, గాలి, చేతబడి, నాటకం. ఈ జబ్బుకు మన ఇళ్లలో పేర్లకు కొదవ లేదు. ఆసుపత్రిలో కూడా కొన్నిచోట్ల ముక్కు దగ్గర అమ్మోనియా పెట్టడం, గట్టిగా గిచ్చడం, ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దడం ఇంకా ఆగలేదు. రోగి ఉలిక్కిపడి లేస్తే 'నటన' రుజువైనట్టు లెక్క. అందులో రుజువయ్యేది నొప్పి ఒక్కటే. జాతరలో వచ్చే పూనకం వేరే సంగతి. ఆచారంలో భాగంగా వచ్చి, అక్కడే ముగిసే పూనకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 కూడా జబ్బుగా లెక్కించదు.

ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే అది ఏ రకమో తేల్చే పని ఇంటివాళ్లది కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చుట్టూ గట్టి వస్తువులు తీసేయాలి. చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ, నోట్లో చెంచా అవసరం లేదు. నీళ్లు తాగించకూడదు. మొదటిసారి వచ్చినా, 5 నిమిషాలకు మించి సాగినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యి, కాలు పడిపోయినా పక్షవాతంగానే భావించి పరుగెత్తాలి. హూవర్ సంకేతం ఇంట్లో చేసి చూసుకునే పరీక్ష కాదు. నొప్పి ఉన్న కాలిలో అది తప్పుదారి పట్టించగలదు.

వీలైతే ఒకరు సెల్‌ఫోన్‌లో వీడియో తీయాలి. ముఖం, కళ్లు స్పష్టంగా కనిపించాలి. వీడియో ఈఈజీ సౌకర్యం పెద్ద నగరాలకే పరిమితమైన చోట న్యూరాలజిస్టుకు ఆ వీడియో ఎంతో విలువైనది. తనకు వచ్చింది ఎఫ్ఎన్‌డీయా అని వైద్యుణ్ని నేరుగా అడగవచ్చు. ఏ గుర్తు చూసి అలా అంటున్నారో చూపించమనీ అడగవచ్చు. మాట్లాడటానికి మనిషి కావాలంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనూ పలుకుతారు. మానసిక జబ్బులకు శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఎఫ్ఎన్‌డీ రోగి ఏ విభాగంలో చేరినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నిర్ధారణ అయ్యాక కూడా మూర్ఛ మందులు ఒక్కసారిగా మానేయకూడదు. వెంట మూర్ఛ కూడా ఉండి ఉండవచ్చు. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే, మూర్ఛ లేనివారికి కూడా నిజమైన ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఏది, ఎప్పుడు, ఎంత తగ్గించాలో వైద్యుడే చెప్పాలి. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవారు ఆ మాట ముందే ఆయన చెవిన వేయాలి.